ఈతకొలనులో మొదటి ఉతుకు

ఆ రోజుల్లో గుంటూరులో బాగా ఆలోచించి మరీ తప్పు చేసినవాళ్లకు కొదవ లేదు. ధర పెరుగుతుందని మిరపకాయల బస్తాలను కోల్డ్ స్టోరేజీలో దాచి, అది కాస్తా పడిపోయాక అమ్ముకున్నవాళ్లున్నారు. ఎస్టీడీ బూత్‌కు అద్దాల గది కట్టించి రిబ్బన్ కత్తిరించేసరికి వీధిలో అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసినవాళ్లున్నారు. వాళ్లెవరినీ నేను తక్కువ చెయ్యను. కానీ నిండు వేసవిలో, పట్టపగలు, ఒక ఈతకొలను నీళ్లన్నిటినీ కాఫీ చల్లారేలోగా రోజ్ మిల్క్ రంగులోకి మార్చిన ఘనత మాత్రం నాదొక్కదానిదే. దానికి వాడిన సరుకు మా షాపుది, ఆలోచన నాది, ఇచ్చిన గ్యారంటీ కూడా నాదే. ఎవరి సాయమూ తీసుకోలేదు.

మాది పట్నంబజారులో మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొచ్చిన వాళ్లకు అదే రంగు జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్, లంగా వెతికి ఇవ్వడం మా వృత్తి. (వెతికి ఇవ్వడం మా వంతు, "ఇది కాదు, ఇంకొంచెం ముదురు" అనడం వాళ్ల వంతు.) నేను బీకాం పరీక్షలు రాసిన మర్నాటి నుంచే కౌంటర్లో నిలబడ్డాను. అసలు అంతకుముందు నుంచే నిలబడుతున్నాను గానీ, డిగ్రీ అయ్యాక దానికి ఒక గౌరవం వచ్చింది. మాటకు మాట చెప్పడంలో, "మీ కోసం కాబట్టి ఈ రేటు" అనడంలో, కొనకుండా వెళ్లిపోతున్నావిడ వీపు చూసి ఆవిడ తిరిగొస్తుందా లేదా చెప్పడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరుతో పాటే నడుంనొప్పి కూడా వచ్చింది. డాక్టరు గారు ఫ్యాను కింద కూర్చుని తీరిగ్గా, "రోజూ నడువమ్మా, లేదంటే ఈత కొట్టు" అన్నారు. ఇంకెవరైనా అయితే నడకే ఎంచుకునేవాళ్లు. కానీ నడక ఉచితం. ఉచితంగా వచ్చేదాంట్లో బేరమాడటానికి ఏముంటుంది? నేను ఈత ఎంచుకున్నాను.

నల్లపాడు వెళ్లే దారిలో అప్పట్లో ఒక ప్రైవేటు ఈతకొలను ఉండేది. పెద్దదేం కాదు. సగం దూరం రేకుల పందిరి, ఒక మూల కొబ్బరిచెట్టు, గేటు పక్కన మేనేజరు గారి గది. ఆ గది గోడ నిండా నిబంధనలే. అందుకే మేమాయన్ని రూల్స్ గారు అనేవాళ్లం. ఆయన నన్ను చూడగానే మాట పూర్తి కానివ్వలేదు.

"ఆడవాళ్లకి వేరే టైము లేదమ్మా."

"అందుకే ఆడవాళ్లు రావట్లేదు సార్."

"ఆడవాళ్లు రాకపోబట్టే టైము పెట్టలేదు."

"మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరొస్తారు సార్ ఇక్కడికి?"

"ఎవరొస్తారు? ఎండకి కాకి కూడా రాదు."

"మరి ఎవరూ రాని గంటంటే మీ దగ్గర మిగిలిపోయిన సరుకే కదండీ. మిగిలిన సరుకు ఎవరైనా పూర్తి రేటుకి అమ్ముతారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని నన్ను మళ్లీ చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారంటే బేరం కుదురుతుందని మా షాపులో లెక్క. చివరికి తేలిందేమిటంటే, నేను పదిమందికి తగ్గకుండా ఆడవాళ్లను తీసుకొస్తే ఆ మధ్యాహ్నపు గంట మాకు సగం ఫీజుకే ఇస్తారు. మొదటి వారం పాత చుడీదార్లతో దిగనిస్తారు. ఆ తర్వాత మాత్రం అందరూ ఈత దుస్తులే వేసుకోవాలి. "చమ్కీలూ, దారాలూ ఊడి నా ఫిల్టర్లో పడతాయి. నీళ్లు పాడవడం నేను ఒప్పుకోను. ఒక్కసారి తేడా వచ్చిందా, బ్యాచ్ రద్దు" అని వేలు చూపించి మరీ చెప్పారు. నేను సగం ఫీజు సంబరంలో ఉండి ఆ వేలిని పట్టించుకోలేదు.

పదిమందిని పోగు చెయ్యడం కష్టం కాలేదు. మా కౌంటరు ముందుకు రోజూ వచ్చేవాళ్లే వాళ్లంతా. అందరికంటే ముందు మా పిన్ని పేరిచ్చింది. మా అమ్మకు చెల్లెలు. బాబాయిది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. షుగరొచ్చిందని డాక్టరు చెప్పినప్పటి నుంచీ దేనిమీదో ఒకదాని మీద కోపగించుకోవాలని చూస్తోంది, నీళ్లయితే మాత్రమేం అంది. తర్వాత మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ. "బాప్తిస్మం రోజున తప్ప నీళ్లలో తల ముంచిందాన్ని కాదమ్మాయ్. అప్పుడైనా పాస్టరు గారు పట్టుకున్నారు" అని భయపడింది. "నేనూ అంతే, పుష్కరాల్లో ముక్కు మూసుకుని మూడు మునకలు" అంది పిన్ని. అలా రెండు మతాల అనుభవంతోనూ మా బ్యాచ్ మొదలైంది. నేర్పేది చీరాల నుంచి వచ్చి గుంటూరులో స్థిరపడ్డ కోచ్ మేడం. సముద్రం పక్కన పెరిగిన మనిషి కాబట్టి మా కొలనును చూస్తే ఆవిడకు తొట్టిలా కనిపించేదనుకుంటాను. "కాళ్లు ఆడించండమ్మా, కాళ్లు! నీళ్లని చూసి కాదు, నన్ను చూసి భయపడండి" అని కేకలేసేది.

ఆ మొదటి వారం సంగతి చెప్పకపోతే తర్వాతదానికి అర్థం ఉండదు. రెండు మూడు రోజులు నేను గట్టు పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కోచ్ మేడం నా వీపు కింద అరచెయ్యి పెట్టి, "చెవులు మునగనీ. మెడ వదిలెయ్. ఇంకా వదిలెయ్. కొట్లో ఉన్నట్టు బిగపట్టుకోకు" అంది. వదిలేశాను. చెవుల్లోకి నీళ్లొచ్చాయి, లోకం నోరు మూసుకుంది. పైన రేకుల పందిరి కన్నాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఆవిడ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియదు. తేలుతున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ నా చుట్టూ ఎవరో ఒకరు "ఎంత?" అని అడుగుతూనే ఉన్నారు, లేదా నేనే అడుగుతున్నాను. ఆ కొన్ని క్షణాలు ఎవరూ ఏమీ అడగలేదు. నడుంనొప్పి సంగతి మర్చిపోయాను. (అది తగ్గిందని కాదు, మర్చిపోయాను.) ఆ రోజు షాపుకు తిరిగొచ్చాక ఒకావిడ ఒకే లైనింగు గుడ్డను నాలుగుసార్లు వెలుతుర్లోకి తీసుకెళ్లి చూసినా నాకు కోపం రాలేదు. ఆ గంట నాకు కావాలి, ఏమైనా సరే కావాలి అని అప్పుడే అనుకున్నాను. అంత కావాలనుకున్న వస్తువు ముందు బేరగాడికి బుర్ర పనిచెయ్యదని అప్పటికి నాకు తెలియదు.

వారం గడువు దగ్గరపడింది. ఈత దుస్తులు కొనడానికి పిన్నిని వెంటబెట్టుకుని ఆటసామాన్ల కొట్టుకు వెళ్లాను. కుర్రాడు డబ్బాలోంచి ఒకటి తీసి పైకెత్తి చూపించాడు. పిన్ని దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది డ్రెస్సా బాబూ, డ్రెస్సుకి శాంపిలా?"

"ఇదే సైజండీ మేడం. సాగుతుంది."

"సాగితే మాత్రం ఎంతకని సాగుతుంది? నేను దీన్ని వేసుకుంటే మీ బాబాయి నన్ను చూసి యార్డులోనే పడుకుంటాడే!" అని నా వైపు తిరిగింది. టీచరమ్మకు చెబితే ఆవిడ చూడనే లేదు, వినగానే "నేను మానేస్తానమ్మాయ్" అంది. మిగతావాళ్లదీ అదే మాట. పదిమందికి తగ్గితే బ్యాచ్ లేదు. బ్యాచ్ లేకపోతే నా గంట లేదు. ఆ రాత్రి నిద్ర పట్టక కాదు గానీ, మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తి దుమ్ము దులుపుతుంటే నా చెయ్యి పై అరలో ఒక మెరూన్ తాను మీద ఆగిపోయింది.

అది బనీను గుడ్డలా సాగే రకం. ఒక సూరత్ ఏజెంటు "రాబోయే రోజుల్లో ఆడవాళ్లంతా ఇలాంటి ప్యాంట్లే వేస్తారు" అని నాన్నకు అంటగట్టిపోయాడు. (పాపం, అతను చెప్పింది నిజమే. కాకపోతే పదేళ్లు ముందు చెప్పాడు.) ఆ గుడ్డ రెండు తాన్లు అరమీద అలాగే పడి ఉన్నాయి. నా బుర్రలో రెండు సంగతులు టక్కున కలిశాయి: వేసుకోవడానికి గుడ్డ లేని పదిమంది ఆడవాళ్లు, కొనేవాళ్లు లేని రెండు తాన్ల గుడ్డ. ఇంత చక్కని మ్యాచింగ్ మా షాపు చరిత్రలోనే లేదు.

మెట్ల మీద మిషను పెట్టుకుని ఫాల్స్ కుట్టే మాస్టరును పిలిచాను. "ఈత డ్రెస్సు నేనెప్పుడూ కుట్టలేదమ్మా" అన్నాడు. "జాకెట్టు కుట్టారు, ప్యాంటు కుట్టారు. రెండూ కలిపి నడుం దగ్గర అతికిస్తే అదే" అన్నాను. మెడదాకా మూసి, మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు, పిన్ని ప్రత్యేక కోరిక మీద నడుం చుట్టూ ఒక జానెడు కుచ్చిళ్లు. మొదటిది చూసి టీచరమ్మ, "ఇదయితే చర్చికైనా వేసుకెళ్లొచ్చు" అని మురిసిపోయింది. నాన్న బ్యాంకు పని మీద వెళ్లిన సమయంలో వ్యవహారమంతా నడిపాను. మంచి లాభమే వేసుకున్నాను. ఎంతో చెప్పను గానీ, నా పూల్ ఫీజు అందులోంచే వచ్చేసింది.

అందరికీ నచ్చాక పిన్ని గుడ్డను వేళ్ల మధ్య నలిపి అడిగింది.

"ఏమే, రంగు పోదుగా?"

"రంగుకి నాదీ గ్యారంటీ పిన్నీ."

"నీదా, షాపుదా?"

"రెండూ ఒకటేగా!"

ఆ ఊపులోనే మేం ప్రతివాళ్లకూ చెప్పే మాట కూడా చెప్పాను: "ముందొకసారి ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికేసుకోండి. మొదటి ఉతుక్కి కాస్త వదులుతుంది, తర్వాత ఇంక కదలదు." గుంటూరు జిల్లాలో ఏ గుడ్డల షాపులోనైనా ఈ మాట బిల్లుతో పాటు ఇస్తారు. చెప్పేవాళ్లు అలవాటుగా చెబుతారు, వినేవాళ్లు అలవాటుగా తల ఊపుతారు. ఇంటికెళ్లి బకెట్లో ఉప్పు వేసేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. వేరేవాళ్లదాకా ఎందుకు, చెప్పిన నేనే వెయ్యలేదు. కొత్త బట్ట కదా, ఇస్త్రీ పోతుందని.

వారం గడిచిన మర్నాడు మధ్యాహ్నం మేమంతా ఒకే రంగులో, ఒకే కుచ్చిళ్లతో కొలను గట్టు మీద వరసగా నిలబడ్డాం. పెళ్లి ఊరేగింపుకి వచ్చిన బ్యాండు మేళంలా ఉన్నాం, సన్నాయి ఒక్కటే తక్కువ. రూల్స్ గారు దూరం నుంచే చూసి సంతృప్తిగా తలాడించి గదిలోకి వెళ్లిపోయారు. కోచ్ మేడం ఈల ఊదింది. దిగాం.

మొదట టీచరమ్మ మోచేతుల దగ్గర చిన్న మబ్బులా కనిపించింది. ఎండ వాలుకు అలా ఉందేమో అనుకున్నాను. తర్వాత పిన్ని కుచ్చిళ్లు నీళ్లలో విచ్చుకున్నాయి. వాటి చుట్టూ మబ్బు కూడా విచ్చుకుంది. కాళ్లు ఆడించమంటే పదిమందీ ఆడించేసరికి మబ్బులన్నీ కలిసిపోయాయి. బీట్‌రూట్ ఉడికించిన గిన్నెలో నిలబడ్డట్టుంది. కోచ్ మేడం ముఖం పాలిపోయింది.

"ఎవరికో దెబ్బ తగిలింది! అందరూ పైకి! ఎవరూ కంగారు పడకండి, పైకి!"

కంగారు పడొద్దంటే పడనివాళ్లెవరు? ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ నిచ్చెన ఎక్కాం. గట్టు మీద కూర్చుని ఎవరి కాళ్లు వాళ్లు, పక్కవాళ్ల కాళ్లు వాళ్లు తడుముకున్నారు. "ప్రభువా, నాకేం నొప్పి లేదే!" అంటోంది టీచరమ్మ. ఒక్కళ్లకూ గీత పడలేదు. కానీ అందరి చేతులూ, మెడలూ గులాబీ రంగు తిరిగి ఉన్నాయి. పిన్ని తన అరికాళ్లు పైకి తిప్పి చూసుకుంది.

"ఒసేయ్! పారాణి పెట్టినట్టుందేంటే నా ఒళ్లంతా?"

అప్పుడు పదిమందీ ఒకేసారి నా వంక చూశారు. నేను నీళ్ల వంక చూశాను.

ఈల చప్పుడుకి రూల్స్ గారు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు. కొలను చూశారో లేదో మొదలుపెట్టారు. ఇంక ఆగలేదు. సాయంత్రం మగవాళ్ల బ్యాచ్ ఉందనీ, రెండు రోజుల్లో పిల్లల వేసవి క్యాంపు ఉందనీ, ఈ కరువు ఎండల్లో నీళ్ల ట్యాంకర్లు తన తాత దిగొచ్చినా దొరకవనీ అరిచారు. అలాంటప్పుడు ఊరుకోవాలి. కానీ నాది షాపు నోరు. కస్టమరు కోపంగా వస్తే దానంతటదే తెరుచుకుంటుంది.

"మొదటి ఉతుకే కదండీ సార్! కాస్త వదులుతుంది, తర్వాత ఇంక కదలదు."

"మొదటి ఉతుకు మీ ఇంటి బకెట్లో ఉతుక్కోవాలమ్మా! నా పూల్లో కాదు!"

బ్యాచ్ రద్దన్నారు. నీళ్లు మార్చడానికి అయ్యేదంతా కట్టమన్నారు. కట్టకపోతే షాపుకే వస్తానన్నారు. తిరిగొచ్చేటప్పుడు షేరాటోలో మాకు ఎదురుగా కూర్చున్నావిడ మా చేతులు చూసి, "ఏ ఊళ్లోనమ్మా పెళ్లి?" అని అడిగింది. అందరం చేతులు ఒళ్లో దాచుకున్నాం. నాకైతే నీళ్ల ఖర్చు కంటే ఆ రేకుల కన్నాల్లోంచి దిగే ఎండే కళ్ల ముందు కనిపిస్తోంది. ఇంక ఆ గంట పోయినట్టే.

నాన్నకు ఎలా చెప్పాలా అని నేను వాక్యాలు కూర్చుకునేలోపే పిన్ని వచ్చి కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుంది. వెనకే టీచరమ్మ, ఆ వెనక ఇంకో ముగ్గురు. అసలే పెళ్లిళ్ల సీజను, షాపు నిండా జనం. నాన్న అలవాటుగా "రండమ్మా, ఏం చూపించమంటారు?" అన్నారు. పిన్ని మోచేతిదాకా చెయ్యి చాపి కౌంటరు మీద పెట్టింది.

"దీనికి మ్యాచింగ్ చూపించండి బావగారూ."

నాన్న ఆ చేతిని చూశారు, పై అరలో మెరూన్ తాను ఉండాల్సిన ఖాళీని చూశారు, తర్వాత నన్ను చూశారు. కథంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన మెల్లగా ఒక్కటే అడిగారు.

"గ్యారంటీ అన్నావా?"

"అన్నాను."

"నేనిన్నేళ్లలో ఎవరికైనా రంగుకి గ్యారంటీ అనడం విన్నావా?"

ఆలోచించాను. నిజమే. నాన్న "బాగుంటుందమ్మా", "చాలామంది తీసుకెళ్లారమ్మా", "వాడి చూడండి" అనేవారు గానీ ఆ మాట మాత్రం ఆయన నోట ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో నాకప్పుడు తెలిసొచ్చింది.

"షాపు పేరు మీద అన్నావా?"

"పిన్ని అడిగింది. రెండూ ఒకటే అన్నాను."

"సరే. అన్నాక అది మనదే" అని, ఆ ఐదుగురి వైపూ తిరిగి, "డబ్బులు తీసుకెళ్తారా అమ్మా, వేరే గుడ్డతో కుట్టించి ఇమ్మంటారా?" అన్నారు. బేరానికి సిద్ధపడి వచ్చినవాళ్లకు అవతలివాళ్లు అడగకుండానే ఒప్పుకుంటే ఎంత దిక్కుతోచదో ఆ రోజు చూశాను. టీచరమ్మే ముందు తేరుకుంది.

"డబ్బులెందుకండీ? ఈతే లేకపోతే డ్రెస్సెందుకు? నాకిప్పుడిప్పుడే కాళ్లు ఆడుతున్నాయి."

"అవును" అంది పిన్ని. "నాకూ తేలడం వచ్చింది నిన్న. ఈ వయసులో నేనో పని కొత్తగా నేర్చుకుంటే ఆ కళ్లజోడాయన రద్దు చేస్తాడా? రేపు పొద్దున అందరం వెళ్దాం. బావగారూ, మీరు కూడా రండి. మాట్లాడొద్దు, ఊరికే నుంచోండి."

మర్నాడు వెళ్లేసరికి కొలను ఇంకో అవతారం ఎత్తింది. రంగు విరిగిపోతుందేమోనని రాత్రి రూల్స్ గారు దండిగా క్లోరిన్ గుమ్మరించారట. రోజ్ మిల్క్ కాస్తా టీ అయింది. ఆయన గట్టు మీద నిలబడి ఖర్చంతా గడగడా చెప్పారు. నాన్న నోరు తెరవబోతే పిన్ని చేత్తో ఆపింది. నేను మాత్రం వాళ్లనే చూస్తున్నాను. ఎందుకంటే ఆ పదిమందినీ నేను కౌంటరు అవతల నుంచి ఏళ్ల తరబడి చూశాను. వాళ్లు దేనికి నవ్వుతారో, ఎప్పుడు ముఖం ముడుస్తారో, ఎక్కడ నాకు చెమటలు పట్టిస్తారో నాకు తెలుసు. మొదటిసారి వాళ్లు నా వైపున నిలబడ్డారు.

"అవునండీ, తప్పు మాదే" అని మొదలుపెట్టింది పిన్ని, తియ్యగా. (ఆ తీపి వినగానే నాకు రూల్స్ గారి మీద జాలేసింది.) "నీళ్లు మార్చాల్సిందే. ఇంతకీ ఇంతకుముందు ఎప్పుడు మార్చారు?"

"అది... అవసరాన్ని బట్టి మారుస్తాం."

"పిల్లల క్యాంపుకి ముందు మార్చరా?" అంది టీచరమ్మ, క్లాసులో చివరి బెంచీని అడిగినట్టు.

"మారుస్తాం లెండి."

"అంటే రేపటికి ఎలాగూ మార్చేవే."

"మార్చేవే అనుకోండి, కానీ..."

"మరి పాత నీళ్లకి కొత్త నీళ్ల రేటు కట్టమంటారేంటండీ?" అంది పిన్ని. వంగి గట్టు పక్క పలకను వేలితో రాసి, ఆ పచ్చటి వేలిని ఆయన కళ్లజోడు ముందు పెట్టింది. "ఇది మా డ్రెస్సుల రంగు కాదే! మావి మెరూన్."

కోచ్ మేడం అటు తిరిగి దగ్గింది. నవ్వని అందరికీ తెలుసు. అయినా రూల్స్ గారు తగ్గలేదు. మొత్తం కట్టాల్సిందే, బ్యాచ్ మాత్రం ఉండదు అన్నారు. అప్పుడు పిన్ని నిట్టూర్చింది. "పోన్లెండి. మీకిష్టం లేదు, మేమేం చేస్తాం? రండమ్మా, పోదాం. చేరనివాళ్లు ఇంకో ఇరవై మంది ఉన్నారు మా వీధిలో, వాళ్లకి కూడా వద్దని చెప్పేద్దాం" అని వెనక్కి తిరిగింది. పదిమందీ తిరిగారు. గేటు వైపు నడవడం మొదలుపెట్టారు.

ఆ నడక నాకు బాగా తెలుసు. పట్నంబజారులో కొట్టున్న ప్రతివాడికీ తెలుసు. ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు, కొంగు సర్దుకుంటూ, చెప్పు పట్టీ చూసుకుంటూ, చెవులు మాత్రం వెనక్కి పెట్టి నడిచే నడక. అలా నడిచే మనిషి వెళ్లిపోదు. గుమ్మం దాకా వెళ్లి ఎండ ఎక్కువగా ఉందని కాసేపు ఆగుతుంది. ఊరుకుంటే తనే తిరిగొస్తుంది. మేమైతే ఆ సమయంలో గుడ్డలు మడతపెట్టుకుంటూ ఉంటాం, తల కూడా ఎత్తం. పక్కన నాన్న నా చెవిలో గొణిగారు: "పిలవకూడదు. ఇప్పుడు పిలిచాడో, అయిపోయాడు."

రూల్స్ గారు ఎన్ని నిబంధనలు రాసుకున్నా, ఏనాడూ గుడ్డలు అమ్మినవారు కాదు.

"అమ్మా, ఒక్క నిమిషం!"

నాన్న కళ్లు మూసుకున్నారు. తన పక్షమే గెలుస్తున్నా, సాటి వ్యాపారస్థుడు అలా కూలిపోవడం చూడలేకపోయారనుకుంటాను.

అరగంటలో అంతా తేలిపోయింది. నీళ్ల ఖర్చులో సగం మాది, సగం ఆయనది. బ్యాచ్ ఉంటుంది. కొత్తవాళ్లు చేరితే వాళ్లకూ సగం ఫీజే. రూల్స్ గారి గోడ మీద మాత్రం కొత్త నిబంధన ఒకటి వెలిసింది: కొత్త దుస్తులు ముందుగా ఆఫీసులో బకెట్లో ముంచి చూపించవలెను. బయటికొచ్చాక నాన్న తృప్తిగా ఊపిరి పీల్చుకుంటుంటే పిన్ని ఆయన వైపు తిరిగింది.

"సరే బావగారూ, ఇప్పుడు మన సంగతి. కొత్త డ్రెస్సులు మంచి నైలాన్‌తో కదా? మడత నలగని రకం. తలకి టోపీ కూడా అదే గుడ్డతో రావాలి. ఒంటికంటిన రంగు వదలడానికి సున్నిపిండి ఖర్చు మేం పెట్టుకుంటాంలెండి, ఎంతైనా కావాల్సినవాళ్లు."

"టోపీలు గ్యారంటీలో లేవమ్మాయ్" అన్నారు నాన్న బలహీనంగా.

"పోన్లెండి. రండమ్మా, పోదాం" అంది పిన్ని. పదిమందీ వెనక్కి తిరిగారు. నాన్నకు ఆ నడక గురించి సర్వం తెలుసు. అయినా పిలిచారు.

ఇప్పుడు నేను నలభై దాటాను. షాపు నేనే చూస్తున్నాను. వారానికి రెండు మూడు రోజులు పొద్దున్నే ఈతకు వెళ్తాను, అదే కొలను కాదు, ఇంకోచోటుకు. ఆడపిల్లలు రంగురంగుల డ్రెస్సులతో గట్టు మీంచి చేపల్లా దూకుతుంటారు. ఎవరైనా కొత్తది వేసుకొచ్చి దూకితే అందరూ వాళ్ల ఈత చూస్తారు, నేను నీళ్ల రంగు చూస్తాను. మొన్నొక అమ్మాయి "ఏం వెతుకుతున్నారాంటీ?" అని అడిగింది. ఏమని చెప్పను? ఇరవై రెండేళ్ల పిల్ల ఒకతి మోచేతులదాకా గులాబీ రంగుతో గట్టు మీద నిలబడి, "మొదటి ఉతుకే కదండీ" అంటూ నాకు కనిపిస్తోందని చెప్పనా?

దాపరికం లేకుండా లెక్క చెప్పాలంటే ఇదీ. సగం ఫీజుకి బేరమాడి మిగుల్చుకున్నది, మెరూన్ గుడ్డ మీద వేసుకున్న లాభం కలిపి ఒకవైపు పెడితే, నీళ్లలో మా వాటా, కొత్త నైలాను, మాస్టరు రెండోసారి కూలి, టోపీలు అవతలి వైపు. అవతలిదే చాలా బరువు. మిగిలిన తాను గుడ్డ చివరికి మా ఇంట్లో దిండు గలీబులైంది. ఇంటిల్లిపాదీ చాలాకాలం ఒక చెంప ఎర్రగా నిద్రలేచేవాళ్లం. నడుంనొప్పి పోయింది, అది జమ. ఒళ్లు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే కొలను గేటు ముందే మిరపకాయ బజ్జీల బండి ఉండేది, ఈత కొట్టి వచ్చినవాళ్ల ఆకలి ఈత కొట్టినవాళ్లకే తెలుస్తుంది. చేపలా ఈదడం వచ్చింది, అదీ జమ. ఇవన్నీ కూడి తీసేస్తే, కొంచెం నష్టంతో బయటపడ్డానని చాలా ఏళ్లు అనుకున్నాను. ఈ మధ్యే ఒక పద్దు మర్చిపోయానని తెలిసింది. నాన్నకు మధ్యాహ్నం భోజనం చేశాక ఓ కునుకు తియ్యకపోతే సాయంత్రం దాకా తలనొప్పి. ఆ వేసవంతా, నేను రేకుల పందిరి కింద వెల్లకిలా తేలుతున్న ప్రతి మధ్యాహ్నమూ, ఆయన నా స్టూలు మీద కూర్చుని కళ్లు నులుముకుంటూ లైనింగు గుడ్డలు చూపించారు. ఒక్క రోజూ అనలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఆయన రోజూ మధ్యాహ్నం హాయిగా పడుకుంటారు, కౌంటర్లో నేనుంటాను. అది వడ్డీ కిందకే సరిపోతోంది. అసలు అలాగే ఉంది.